నూనె మరకకు ఇద్దరు సాక్షులు

జూన్ 3

అత్తయ్యా,

నేను, నీ మేనకోడలు పేచీని. ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉత్తరం నాన్న రాయించలేదు. నాన్నకి తెలియదు కూడా. తెలిస్తే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. నీ పేరెత్తితే రెండేళ్ళ నుంచీ ఆయన చేసే పని అదే.

ఫోన్ చేద్దామనుకున్నాను. "మీ అత్తయ్యకి నోటితో చెప్పిన అంకె అంకె కాదే, సిరాతో రాసిందే అంకె" అని అమ్మ చెప్పింది. అందుకే సిరా, కవరు, ఈ తిప్పలు.

సంగతేమిటంటే, పదో తరగతి సైన్సు ప్రాజెక్టుకి నేను ఎల్ఈడీ బల్బు తీసుకున్నాను. అది ఎంత కరెంటు తిని ఎంత వెలుగిస్తుందో కొలవాలి. తినే కరెంటు కొలవడానికి బళ్ళో మీటరుంది. వెలుగు కొలవడానికే ఏమీ లేదు. ఫోన్లో కొలుద్దామంటే ఒకే బల్బుకి నా స్నేహితురాలి ఫోను ఒకటి చెప్తుంది, మా టీచరు ఫోను ఇంకొకటి చెప్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బల్బుల ఫ్యాక్టరీ పరీక్ష గదిలో కూర్చుని వెలుగు కొలిచిన మనిషి మన ఇంట్లోనే ఉంటే నేను ఫోన్ల వెంట పడటమేమిటి అనిపించింది.

ఇంకో మెలిక ఉంది. కొలత ఇద్దరు వేరువేరుగా తియ్యాలి. ఇద్దరి లెక్కా దగ్గర దగ్గరగా రావాలి. నూటికి పది కంటే ఎక్కువ తేడా ఉంటే, ఎందుకుందో చెప్పాలి. చెప్పలేకపోతే ప్రాజెక్టు తీసుకోరు. రెండో మనిషిగా నువ్వుంటావా?

కోపం నాన్న మీద కదా, నా మీద కాదు కదా?

నీ
పేచీ


జూన్ 9

చిరంజీవి పేచీకి దీవెనలు.

నాన్న రాయించలేదని మొదటి వాక్యంలోనే అన్నావు. దొంగ ముందు తన జేబే చూపిస్తాడు. సరే, నమ్మాననుకో.

నీకు జరిగింది పూర్తిగా తెలుసో తెలియదో. నేను ఉద్యోగం మానిన రోజున మీ నాన్న, వైరింగు పనిలో తనంతటివాడు లేడనుకునే ఘనుడు, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి పదకొండు బల్బులూ పీకి, వాటి చోట పదకొండు ఎల్ఈడీలు పెట్టి వెళ్ళాడు. కానుకట. నేను వచ్చి మీట నొక్కితే ఇల్లంతా మబ్బు పట్టినట్టుంది. సాయంత్రానికల్లా అన్నీ విప్పి, చెప్పుల డబ్బాలో సర్ది, మీ గుమ్మంలో పెట్టి వచ్చాను. "బల్బులు బాగానే ఉన్నాయక్కా, నీ కళ్ళకే వయసొచ్చింది" అన్నాడు. ఎవరితో? ఫ్యాక్టరీ అంతా డేగకన్ను అని పిలిచిన మనిషితో!

కాబట్టి రెండో మనిషిగా ఉంటాను. ఒక్క షరతు. అరవై వాట్ల పాత బల్బుకి సమానమని డబ్బా మీద రాసుకున్న ఎల్ఈడీ ఒకటి తీసుకో. అది నిజంగా సమానమని తేలితే నేనే మీ ఇంటికొచ్చి మీ నాన్నతో మాట్లాడతాను. తక్కువని తేలితే వాడు ఇక్కడికొచ్చి, నా కన్ను నిఖార్సయినదని నా ఎదుట నిలబడి చెప్పాలి. ఈ మాట వాడి చెవిన వెయ్యి.

ఇక పని. మందపాటి తెల్ల కాగితం తీసుకో. నడుమ వంటనూనె ఒక్క చుక్క వేసి, చొక్కా బొత్తామంత మరక కానిచ్చి, ఎండలో పెట్టు. బల్లమీద రెండు మీటర్ల బద్ద పరిచి ఒక కొసన పాత బల్బు, మరో కొసన నీ కొత్త బల్బు పెట్టు. కాగితాన్ని వాటి మధ్య నిలబెట్టి, బద్ద మీద అటూ ఇటూ జరుపుతూ పో. ఒకవైపు వెలుగు ఎక్కువైతే మరక స్పష్టంగా కనిపిస్తుంది. రెండువైపులా వెలుగు సమానమైన చోట మరక మాయమవుతుంది. అక్కడ ఆగు. ఏ బల్బు ఎంత దూరంలో ఉందో రాసుకో. ఎక్కువ దూరాన ఉన్న బల్బుదే ఎక్కువ వెలుగు. ఎంత ఎక్కువో తెలియాలంటే ఒక్కొక్క దూరాన్ని దానితోనే హెచ్చవేసి పోల్చు. మేం మొదట్లో ఇలాగే చేసేవాళ్ళం. పెద్ద యంత్రాలొచ్చాక కూడా, యంత్రం మీద అనుమానమొస్తే నన్నే పిలిచేవారు.

పోల్చడానికి మా పరీక్ష గదిలో వాడిన అరవై వాట్ల పాత బల్బు పంపుతున్నాను. దాన్ని పెద్దమనిషి అనేవాళ్ళం. పగలకుండా నా నల్ల మేజోళ్ళ జతలో చుట్టాను. కొలిచాక రెండు బల్బులూ నాకు పంపు. మేజోళ్ళు కూడా.

అత్తయ్య


జూన్ 20

అత్తయ్యా,

పెద్దమనిషి క్షేమంగా చేరాడు. బట్టలు మాత్రం జత కుదరలేదు, ఒక మేజోడు నలుపు, ఒకటి ముదురు నీలం. ఫ్యాక్టరీకి అలాగే వెళ్ళేదానివా?

సామాన్ల గదికి మూడు దుప్పట్లు కట్టి మధ్యాహ్నం పూటే చీకటి చేశాను. అమ్మ లోపలికొచ్చి డబ్బాకి తట్టుకుని, "చదువు చదువంటే ఇల్లు గుడ్డిది చెయ్యడమా" అంది. మొదటి కాగితానికి నూనె ఎక్కువై అప్పడంలా అయింది. రెండోదాన్ని పిల్లి నాకింది. మూడోది నిలిచింది.

నాన్నకి తెలిసిపోయింది. దుప్పటి తీసి చూశాడు. పెద్దమనిషిని గుర్తుపట్టినట్టున్నాడు. నీ షరతు చెప్పాను. బద్ద వంకరగా ఉందని కింద అట్టముక్క పెట్టి సరిచేసి వెళ్ళిపోయాడు.

ఇవిగో అంకెలు. పాత బల్బు నుంచి 96 సెంటీమీటర్లు, ఎల్ఈడీ నుంచి 104. అయిదుసార్లు చేశాను, అటూ ఇటూగా అదే. అంటే పెద్దమనిషిది వంద అనుకుంటే ఎల్ఈడీది 117. మీటరులో పెద్దమనిషి 58 వాట్లు తింటున్నాడు, ఎల్ఈడీ 8 తింటోంది. మొత్తం మీద ఒక్కో వాట్టుకి ఎనిమిదిన్నర రెట్లు వెలుగు! పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే.

ఒక్కటే ఇబ్బంది. మరక నాకు పూర్తిగా మాయం కావట్లేదు. ఎల్ఈడీ వైపు కాగితం నీలంగా, పెద్దమనిషి వైపు పసుపుగా కనిపిస్తోంది. మరక అంచు చూసి సరిపెట్టుకున్నాను. నీకూ అలాగే అవుతుందా?

రెండు బల్బులూ, మేజోళ్ళూ పంపుతున్నాను. ఓడిపోయావని ముందే ఏడవకు.

పేచీ


జూన్ 29

చిరంజీవి పేచీకి,

ఏడవడానికి నాకు తీరిక లేదు, గెలిచాను కాబట్టి.

పాత బల్బు నుంచి 104. ఎల్ఈడీ నుంచి 96. పెద్దమనిషిది వందైతే నీ పిట్టది 85. అదీ సంగతి. ఇల్లు మబ్బు పట్టిందని నేనన్నది ఊరికే అనలేదు.

రంగు తేడా అంటావేమిటి? నాకు రెండువైపులా ఒకటే రంగు. మరక తుడిచేసినట్టు మాయమైంది, ఇంత శుభ్రంగా మాయమవడం నేను ఫ్యాక్టరీలో కూడా అరుదుగా చూశాను. నీ కాగితంలోనే ఏదో లోపముంది.

మేజోళ్ళు రెండూ నలుపే. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. నేను కొని, నేను ఉతికిన మేజోళ్ళ రంగు నాకే చెప్తున్నావు, తాతకు దగ్గులు నేర్పినట్టు.

మీ నాన్నని బయలుదేరమను. వచ్చే ముందు ఉత్తరం ముక్క రాయమను, ఇల్లు సర్దుకుంటాను. వాడికోసం కాదు, ఇల్లు ఎలాగూ సర్దాలి.

అత్తయ్య


జూలై 4

అత్తయ్యా,

కోప్పడకుండా చదువు.

నాది 96, 104. నీది 104, 96. సరిగ్గా తిరగేసినట్టున్నాయి కదా? నువ్వు కాగితానికి అవతలివైపు నిలబడి కొలిచావేమో, ఒక బల్బుది ఇంకో బల్బు గళ్ళో రాశావేమో, ఒక్కసారి చూస్తావా? అలా అయితే ఇద్దరి లెక్కా అచ్చంగా ఒకటే. నా ప్రాజెక్టు గట్టెక్కినట్టే.

నేను ఈ మాట నాన్నతో అంటే నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు.

నీ లెక్కే నిజమనుకున్నా వాట్టుకి ఆరు రెట్లు వెలుగొస్తోంది. ఎల్ఈడీ ఎలాగూ గెలుస్తుంది. నువ్వు గొడవపడేది వెలుగు గురించి, నా ప్రాజెక్టు పొదుపు గురించి. కాబట్టి నువ్వు తప్పు రాశానని ఒప్పుకున్నా నీ పరువేమీ పోదు.

ప్రేమతో
పేచీ


జూలై 8

పేచీకి,

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాయలేదు. ఒక్కసారి కూడా.

మళ్ళీ మూడుసార్లు కొలిచాను. 104, 104, 105. బల్బుల చోట్లు మార్చి మళ్ళీ కొలిచాను. 104.

మీ నాన్న నవ్వాడన్నావు. నవ్వనీ. నా కళ్ళకి వయసొచ్చిందన్నవాడు నా అంకెలు చూసి నవ్వకేం చేస్తాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య నిన్ను పావుగా పెట్టి నన్ను గుర్రమెక్కించి కింద పడేద్దామనుకున్నాడు. నేనే పిచ్చిదాన్ని, నూనె చుక్కనగానే కరిగిపోయాను.

నీ ప్రాజెక్టుకి రెండో మనిషిని వేరే చూసుకో. బల్బులు పోస్టులో వస్తాయి.

అత్తయ్య


జూలై 17

అత్తయ్యా,

చించెయ్యకుండా చివరిదాకా చదువుతానని ఒట్టు పెట్టుకుని మొదలుపెట్టు.

మొదట నాన్న సంగతి. నా రాత నా కొంప ముంచింది. నువ్వు గళ్ళు తారుమారు చేసి ఉంటావని నేనంటే నాన్న నవ్వింది నన్ను చూసి. ఆయన అన్న మాట ఇది: "మా అక్క గళ్ళు తారుమారు చెయ్యడమా! సూర్యుడు తారుమారవుతాడే గానీ మా అక్క అంకె మారదు. వెళ్ళి నీ అంకె చూసుకో." ఆ మాట నేను నీకు రాయలేదు, నా అంకెని తప్పన్నాడని ఉక్రోషమొచ్చి. క్షమించు.

ఇక రెండోది. మా టీచరు రెండో మనిషి అంకెలు తీసేసి ఇంకెవరినైనా వెతుక్కోమన్నారు. నాకు మనసొప్పలేదు. అయిదుసార్లు కొలిచి అయిదుసార్లూ దాదాపు ఒకే అంకె రాసిన మనిషి తప్పు చూసిందని ఎలా అంటాను? తప్పు చూసేవాళ్ళకి రోజుకో అంకె వస్తుంది. నీకు ఒకటే వస్తోంది. అంటే నువ్వు చూసేది నిజంగానే అలా ఉంది.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ వరుసగా పరిచాను. మేజోళ్ళు రెండూ నీకు నలుపే. కాగితం రెండువైపులా నీకు ఒకటే రంగు. ఇద్దరికీ తేడా వచ్చిన చోటల్లా నీలం ఉంది.

పుస్తకాలకి వేసే పసుపు అట్ట ఉంటుందే, అవతలికి కనిపించేది, అది ఒకటి కంటికి అడ్డం పెట్టుకుని, నువ్వు తిప్పి పంపిన బల్బులతో మళ్ళీ కొలిచాను. పాత బల్బు నుంచి 99 వచ్చింది. రెండు పొరలు పెట్టాను. 101. కాస్త ముదురు రంగుది, గోధుమరంగులో ఉన్నది, దానికి కలిపాను. 104 అత్తయ్యా! మరక తుడిచేసినట్టు మాయమైంది, నువ్వు రాసినట్టే. అమ్మ మేజోళ్ళు చూస్తే నీలమూ నలుపూ ఒకటైపోయాయి. దుప్పట్ల గదిలో నేనొక్కదాన్నే గంతులేశాను, ఆ తర్వాత ఉన్నట్టుండి భయమేసింది.

టీచరుకి చెప్పాను. వాళ్ళమ్మగారికి శుక్లాలొచ్చినప్పుడు ఇలాగే తెల్లచీర మాసిపోయిందని చాకలితో పోట్లాడేవారట. కంట్లో కటకం ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పసుపెక్కుతుందట, నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఆ మనిషికి తెలియదట. చిన్న ఆపరేషనుతో పోతుందట. వదిలేస్తే మాత్రం చూపు మందగిస్తూ పోతుందట.

నీ కన్ను తప్పు చూడలేదు. దాని ముందుకి పసుపు తెర వచ్చింది, అంతే. నువ్వు దాన్ని కూడా నిఖార్సుగా కొలిచావు. డాక్టరుకి చూపించుకుంటావా? నాకు ప్రాజెక్టు అక్కర్లేదు. నువ్వు చూపించుకో.

పసుపు అట్ట ముక్క ఇందులో పెడుతున్నాను.

పేచీ


జూలై 22

పేచీకి,

ఉత్తరం అందింది. నాకేమీ లేదు. సూదిలో దారం ఎక్కిస్తున్నాను, పేపరు చదువుతున్నాను. నీ అట్ట ముక్క కంటికి పెట్టుకుని చూశాను, ఏ మార్పూ కనబడలేదు. కాబట్టి నీ సిద్ధాంతం తప్పు.

మీ టీచరు వాళ్ళమ్మ సంగతి నాకెందుకు?

అత్తయ్య


జూలై 26

అత్తయ్యా,

అట్ట పెట్టుకున్నా మార్పు కనబడలేదని రాశావు చూడు, అదే నాకు ఎక్కువ భయమేసిన మాట. నాకైతే ఆ ముక్కతో ప్రపంచమంతా పసుపైంది. నీకు కాలేదంటే అది ముందే ఉందన్నమాట.

ఆ ఉత్తరం నాన్న చదివాడు. నేనివ్వలేదు, బల్లమీద ఉంది. చదివి, శుక్లాల సంగతంతా నన్నడిగి చెప్పించుకున్నాడు. షరతు ప్రకారం అత్తయ్యే మన ఇంటికి రావాలి కదా, ఎల్ఈడీ తక్కువ కాదని తేలింది కదా అన్నాను. "నోరుముయ్యి" అన్నాడు. "ఆ రోజు నేనన్న మాట గెలుద్దామని అన్నాను. నిజమేనేమో అని ఒక్కసారైనా అనుకుని ఉంటే రెండేళ్ళ కిందటే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. మనిషిని కాదు నేను" అన్నాడు. ఈ పొద్దున పనికి సెలవు పెట్టి బస్సెక్కాడు. ఈ ఉత్తరం కంటే ముందే నీ గుమ్మంలో ఉంటాడు. తలుపు తియ్యి.

నాదొక్కటే అడగాలి. ప్రాజెక్టు ఆగస్టు ఇరవైకి ఇవ్వాలి. తేడా ఎందుకొచ్చిందో రాయాలంటే నీ కంటి సంగతి రాయాలి. రాస్తే మీ ఫ్యాక్టరీవాళ్ళెవరైనా చూస్తారేమో, డేగకన్నుకి శుక్లాలంటారేమో. రాయకపోతే నీ అంకెలు కొట్టేయాలి. కొట్టెయ్యడం నాకిష్టం లేదు. అవి నిజం అంకెలు. నువ్వెలా చెప్తే అలా చేస్తాను. వద్దంటే ప్రాజెక్టే మానేస్తాను, ఒట్టు.

పేచీ


ఆగస్టు 12

నా పేచీ తల్లికి,

డాక్టరు ఎక్కువసేపు రాయకూడదన్నాడు. నేను ఎవరి మాట వింటానని?

మీ నాన్న వచ్చిన రోజు తలుపు తీశాను, గానీ పలకలేదు. వాడూ పలకలేదు. నేరుగా వెళ్ళి బల్లముందు కూర్చుని, సంచిలో తెచ్చిన ఆ రెండు బల్బులూ వెలిగించి కాగితం జరిపాడు. 96 దగ్గర ఆగాడు. నేను జరిపాను, 104 దగ్గర ఆగాను. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడని చూస్తున్నాను. "పొద్దున్నే ఎన్నింటికి లేస్తావక్కా, ఎనిమిదింటికి డాక్టరుతో మాట్లాడి పెట్టాను" అన్నాడు. అంతే. మొదటి మాట అదే. నాకు పోట్లాడే అవకాశమే ఇవ్వలేదు వెధవ.

రెండు కళ్ళలోనూ ఉన్నాయట. ఎడమది ఎక్కువ ముదిరిందని ముందు అదే చేశారు. కట్టు విప్పాక కిటికీ చూసి ఉలిక్కిపడ్డాను. ఆకాశానికి ఎవరో రంగేశారనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే గోడలు మీగడ రంగు కాదు, తెలుపు. రెండేళ్ళ కిందట రంగు వేసినవాడితో "తెలుపు వెయ్యమంటే పసుపు వేశావేం" అని ఎంత రాద్ధాంతం చేశాననుకున్నావు! పాపం వాడు కళ్ళెర్రజేసుకుని వెళ్ళిపోయాడు. ఇక ఇంట్లో దుమ్ము సంగతి నీకు రాయను. శుభ్రానికి మారుపేరు నేనేననుకుంటూ బతికాను.

పదో రోజున బల్లముందు కూర్చున్నాను. కొత్త కంటితో కొలిస్తే పాత బల్బు నుంచి 97, ఎల్ఈడీ నుంచి 103. అంటే నూటికి 113. కాబట్టి నీ 96 కూడా పూర్తిగా సరైంది కాదు, నీ కాగితం ఒకవైపుకి వాలి ఉంటుంది, చూసుకో. మీ నాన్నదీ 96 కదా అనకు. వాడు నీకు నాన్న, వంకర ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. అదే రోజు కుడికంటితో, ఇంకా ఆపరేషను కాని దానితో కొలిచాను. 104.

రాయి. అంతా రాయి. ఎడమకన్ను 97, కుడికన్ను 104, అదే మనిషి, అదే బల్ల, అదే పూట. ఎందుకో కూడా రాయి. నా వృత్తేమిటో, ఎన్నేళ్ళు చేశానో రాయి. చదివి నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. వాళ్ళలో ఒక్కరైనా ఇంటికెళ్ళి పెద్దవాళ్ళకి ఒక నలుపు మేజోడూ ఒక నీలం మేజోడూ చూపిస్తే నాకది చాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బల్బుల్ని అనుమానించాను, యంత్రాల్ని అనుమానించాను, తోటివాళ్ళని అనుమానించాను. నా కంటిని మాత్రం ఒక్కసారీ పరీక్షకి పెట్టలేదు. పరీక్ష గది మనిషి చెయ్యకూడని తప్పు అది. అది కూడా కావాలంటే రాసుకో, సంతకం చేసిన కాగితం జత చేస్తున్నాను.

కుడికన్ను వచ్చే నెలలో. ఈలోగా నాకో పిచ్చి ఆట దొరికింది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఇంట్లో వస్తువులన్నీ చూస్తున్నాను. నిన్న మీ నాన్న కిటికీ దగ్గర కూర్చుని నా మిక్సీ తీగ బాగుచేస్తున్నాడు. కుడికంటితో చూస్తే ఎప్పటి తమ్ముడే, మబ్బుగా, మెత్తగా ఉన్నాడు. ఎడమకంటితో చూశాను. చెంపలు నెరిశాయి. కళ్ళ కింద గీతలున్నాయి. నుదుటి మీద ఏదో దెబ్బ మచ్చ, అది ఎప్పుడు తగిలిందో నాకు తెలియదు. వాడికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలినా మొదట నా దగ్గరికే వచ్చేవాడు, పేచీ. ఇదొక్కటీ నాకు తెలియదు.

"ఏంటక్కా, ఏడుస్తున్నావా?" అన్నాడు. కంట్లో వేసిన చుక్కల మందని చెప్పాను. నమ్మేశాడు, వెర్రిబాగులోడు. లేచి వెళ్ళి, ఏ పూటకి ఎన్ని చుక్కలో చీటీ చూసి మళ్ళీ చదివి వినిపిస్తున్నాడు.

అత్తయ్య